ఆచార్య భగవంతంగారూ, మా నారాయణఖేడ్ దరఖాస్తూ

ఈసారి సావనీరుకు ఏదైనా రాసి పంపమని విద్యార్థి సంఘం వారు కబురు చేసినప్పుడు చాలాసేపు తోచలేదు. పాత విద్యార్థులంటే హాస్టల్ మెస్సు గూర్చీ, ఆర్ట్స్ కాలేజీ మెట్ల గూర్చీ, పరీక్షల ముందు రాత్రుళ్ళ గూర్చీ రాయటం ఆనవాయితీ. అవన్నీ నాకూ ఉన్నాయి, కాని నాకంటే బాగా రాసేవారు మన సంచికలో ఏటేటా రాస్తూనే ఉన్నారు. అందుకని నేను ఎన్నడూ చూడని ఒక మనిషి గూర్చి రాస్తున్నాను. 1989 ఫిబ్రవరి 6న ఆయన కన్నుమూసేనాటికి నేను మా ఊరి బళ్ళో పలక పట్టుకుని అక్షరాలు దిద్దుకుంటున్నాను. ఆయన పేరు ఆచార్య సూరి భగవంతం. మన విశ్వవిద్యాలయానికి 1949లో భౌతికశాస్త్ర ఆచార్యులుగా వచ్చి, 1952 నుంచి 1957 దాకా వైస్ ఛాన్సలర్‌గా పనిచేసినవారు. ఆయన జీవితం నాకు నిజంగా పనికొచ్చింది మాత్రం ఒక ప్రభుత్వ గ్రాంటు దరఖాస్తు తిరిగొచ్చిన రోజున. ఆ ముచ్చటే ఇది.

మాది నారాయణఖేడ్. హైదరాబాదు నుంచి సంగారెడ్డి, జోగిపేట మీదుగా నాందేడ్ పోయే తోవలో, వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉంటుంది. 1956 దాకా మా తాలూకా బీదరు జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్విభజనలో మెదక్ జిల్లాలో కలిసింది. 2016లో సంగారెడ్డి జిల్లా అయ్యింది. అంగడి రోజు మా బజారులో నిలబడితే తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ, లంబాడీ అన్నీ ఒకే బేరంలో వినబడతాయి. పత్తి, కంది, జొన్న పండే నేల. మా దగ్గర పిల్లలు తెలివిగలవాళ్ళు, కాని ప్రయోగశాల అంటే వాళ్ళకు తెలిసింది ఒక లోలకం, రెండు కటకాలు, తాళంవేసిన ఒక బీరువా. నేను మన కళాశాలలో ఎమ్మెస్సీ భౌతికశాస్త్రం పూర్తిచేసి, కొన్నేళ్ళు అటూ ఇటూ తిరిగి, చివరికి మా ప్రాంతంలోనే డిగ్రీ పిల్లలకు పాఠాలు చెబుతున్నాను.

2023 ఏప్రిల్ 19న కేంద్ర మంత్రివర్గం జాతీయ క్వాంటం మిషన్‌ను ఆమోదించింది. మొత్తం 6003.65 కోట్ల రూపాయలు, 2023-24 నుంచి 2030-31 దాకా. క్వాంటం కంప్యూటరు, క్వాంటం కమ్యూనికేషను, సెన్సర్లు, కొత్త పదార్థాలు అని నాలుగు పాయలుగా పని విభజించి, వాటికి బెంగుళూరు సైన్సు ఇన్‌స్టిట్యూటు, మద్రాసు, బొంబాయి, ఢిల్లీ ఐ.ఐ.టి.లు నాలుగు కేంద్రాలుగా నిర్ణయించారు. పేపర్లో ఆ వార్త చదివిన మర్నాడే తండా నుంచి సైకిలు మీద వచ్చే మా విద్యార్థిని ఒకమ్మాయి నా దగ్గరికొచ్చి, ఇందులో మన కాలేజీకి ఏమన్నా వస్తదా సార్ అని అడిగింది. నేను నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వు తరవాత నన్నే గుచ్చింది.

అటుపైన కళాశాలల్లో బోధన ప్రయోగశాలలకు సహాయం చేసే ఒక ప్రభుత్వ పథకం కంటబడింది. ఇద్దరు సహోద్యోగులం కూర్చుని, పదిహేను రాత్రులు మేలుకుని దరఖాస్తు తయారుచేశాం. చెప్పొద్దూ, అది దరఖాస్తు కాదు, పెళ్ళి సామాను పట్టీ. లేజర్లు, ఒక్కొక్క ఫోటాన్‌నీ లెక్కించే డిటెక్టర్లు, అతిశీతల యంత్రం, విదేశీ సాఫ్టువేరు, అన్నీ అందులో రాశాం. ఎందుకు కావాలన్నదానికి మాత్రం దేశం ముందుకుపోవాలి, గ్రామీణ యువత వెనకబడకూడదు అని నాలుగు పేరాలు నింపాం. నాలుగు నెలలకు జవాబొచ్చింది. సంస్థకు తగిన అనుభవం లేదు, అడిగిన పరికరాలకూ చెప్పిన లక్ష్యానికీ పొంతన లేదు, నిర్వహణ ఎవరు చేస్తారో తెలుపలేదు అని. మూడే ముక్కలు. అవి చదివి మొదట కోపమొచ్చింది. చిన్న ఊరివాళ్ళమని తోసేశారని ఇద్దరం ఒకరికొకరం చెప్పుకుని ఓదార్చుకున్నాం.

ఆ ఆదివారం నాడు అటకమీది పాత పెట్టె దించితే, ఎమ్మెస్సీ రోజుల్లో రాసుకున్న నోటుపుస్తకాలు బయటపడ్డాయి. ఒకదానిలో గ్రూపు సిద్ధాంతం గూర్చిన లెక్కలు, పై అంచున భగవంతం, వేంకటరాయుడు అన్న రెండు పేర్లు. పరీక్ష కోసం బట్టీపట్టిన పేర్లు అవి. ఆ మనుషులు ఎవరో, ఎక్కడ కూర్చుని ఏ పరికరంతో ఆ పని చేశారో నేను ఎన్నడూ ఆలోచించలేదు. అప్పుడు మొదలుపెట్టి భగవంతంగారి జీవితాన్ని వెతికి వెతికి చదివాను.

ఆయన 1909 అక్టోబరు 14న కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో పుట్టారు. డిగ్రీ చదువు మన హైదరాబాదులోనే, నిజాం కాలేజీలో సాగింది. ఆ కాలేజీ అప్పట్లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేది. 1928లో, ఇంకా ఇరవయ్యేళ్ళు నిండకుండానే, కలకత్తా వెళ్ళి చంద్రశేఖర వేంకట రామన్ దగ్గర చేరారు. ఏ సంవత్సరమో గమనించండి. ఆ ఏడు ఫిబ్రవరి 28నే రామన్ ఫలితం లోకానికి వెల్లడయింది. అంటే కొలిమి ఎర్రగా ఉన్న వేళ ఈ కుర్రవాడు దాని ముందు నిలబడ్డాడన్నమాట.

ఆ కొలిమి ఉన్న చోటు బౌబజారు వీధిలోని భారత విజ్ఞాన పరిషత్తు. దాన్ని 1876లో డాక్టర్ మహేంద్రలాల్ సర్కార్ అనే వైద్యుడు ప్రజల వద్ద చందాలు పోగుచేసి స్థాపించాడు. రామన్ ఫలితాన్ని కనిపెట్టిన సామగ్రి ఖరీదు రెండు వందల రూపాయలని ఇప్పటికీ చెప్పుకుంటారు. అంకె సంగతి ఎలా ఉన్నా, అది చిన్న పరికరమన్నది నిజం. పెద్దది ప్రశ్న. వెలుతురు ఒక ద్రవం గుండా పోయి చెదిరినప్పుడు దాని రంగులో కొంత మారుతుందా? ఇంత సూటిగా అడిగారు, అంత సూటిగా జవాబు దొరికింది.

భగవంతంగారి పేరు చరిత్రలో మొదట నిలిచింది 1931లో, గురువుతో కలిసి చేసిన ఒక పరిశోధన వల్ల. వెలుతురు పొట్లాలుగా, అంటే ఫోటాన్లుగా వస్తుందని అప్పటికి తెలుసు. ఆ ఫోటాన్‌కు బొంగరానికి ఉన్నట్టు తనదైన తిరుగుడు, స్పిన్ అనేది, ఉందా లేదా అన్నది ప్రశ్న. దాన్ని చూడటానికి వాళ్ళు ఎంచుకున్న దారి ఇది. వాయువు గుండా కాంతిని పంపితే చెదిరిన కాంతిలో నడుమ అదే రంగు గీత ఉంటుంది. దానికి అటూ ఇటూ, తిరుగుతున్న అణువులు కాంతితో శక్తి ఇచ్చిపుచ్చుకోవటం వల్ల రంగు కొద్దిగా మారిన రెక్కలు ఉంటాయి. వర్ణపటమాపకం చీలికను వెడల్పుగా ఉంచితే రెక్కలు కూడా గీతతో కలిసిపోతాయి. ఇరుకుగా ఉంచితే నడిమి గీత మాత్రమే మిగులుతుంది. రెండు సందర్భాల్లోనూ ధ్రువణం ఎంత చెడిందో కొలిచి, ఆ తేడా నుంచి లెక్కగట్టి, ఫోటాన్‌కు ఒక యూనిట్ స్పిన్ ఉందని వాళ్ళు వాదించారు. నేచర్ పత్రికలోనూ, ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్‌లోనూ అది అచ్చయింది. 1936లో రిచర్డ్ బెత్ అనే అమెరికా శాస్త్రవేత్త కాంతి తన తిరుగుడుతో ఒక పలకను మెలితిప్పగలదని యంత్రంతోనే కొలిచి చూపాడు. ఫోటాన్ స్పిన్ ఒకటి అన్నది ఇవాళ పాఠ్యపుస్తకాల సంగతి.

ఇది చదివినప్పుడు నేను కుర్చీలోంచి లేచాను. ఎందుకంటే మా దరఖాస్తులో మేము అడిగిన క్వాంటం కమ్యూనికేషన్ పరికరాలన్నీ చివరికి ఆధారపడేది ఫోటాన్ ధ్రువణం మీదనే. ఒక్కొక్క ఫోటాన్ ధ్రువణంలో సున్నా, ఒకటి అని గుర్తులు పెట్టి రహస్య తాళంచెవిని పంపే పద్ధతిని 1984లో బెనెట్, బ్రాసార్డ్ అనే ఇద్దరు ప్రతిపాదించారు. నడుమ ఎవడైనా దొంగచాటుగా చూస్తే ఆ చూడటమే ఫోటాన్‌ను చెరుపుతుంది కనుక దొంగ పట్టుబడతాడు. 2021లో మన ఇస్రో 300 మీటర్ల దూరం గాలిలో, 2022లో రక్షణ పరిశోధన సంస్థ, ఢిల్లీ ఐ.ఐ.టి. కలిసి ప్రయాగరాజ్ నుంచి వింధ్యాచల్ దాకా వంద కిలోమీటర్ల పైగా తీగ మీద ఇలాంటి ప్రయోగం చేసి చూపించాయి. వీటన్నిటి వెనక ఉన్న ఆ చిన్న కణం తిరుగుడును కొలవటానికి 1931లో ఒక తెలుగు కుర్రవాడు చీలికను వెడల్పు చేస్తూ, ఇరుకు చేస్తూ కూర్చున్నాడు. నేను డిగ్రీ పిల్లలకు పదిహేనేళ్ళుగా ధ్రువణం పాఠం చెబుతూ ఈ మాట ఒక్కసారీ చెప్పలేదు. తప్పు నాది.

1932లో ఆయన వాల్తేరు చేరి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్చరరుగా కుదిరారు. సర్వేపల్లి రాధాకృష్ణన్ అప్పుడు అక్కడ వైస్ ఛాన్సలర్. జయపురం మహారాజా ఇచ్చిన విరాళంతో సైన్సు కాలేజీ కొత్తగా లేస్తున్న రోజులు. గోడలు కొత్తవి, గదులు ఖాళీ, పరికరాలు అరకొర. అక్కడే ఆయన 28 ఏళ్ళ ప్రాయంలో ప్రొఫెసరయ్యారు, కొన్నేళ్ళకు ప్రిన్సిపాలయ్యారు. కాగితం ముక్క చేతిలో లేకుండా పాఠం చెప్పేవారని ఆయన శిష్యులు తరాల తరబడి చెప్పుకున్నారు. 1940లో కాంతి వికిరణం గూర్చీ, రామన్ ఫలితం గూర్చీ ఆయన రాసిన పుస్తకం వెలువడింది.

తిరుమలశెట్టి అని కాదు, తాడేపల్లి అని కాదు, నా నోటుపుస్తకంలో ఇంటిపేరు లేకుండా ఉన్న ఆ వేంకటరాయుడుగారు గణితశాస్త్రజ్ఞులు. ఆయనతో భగవంతంగారు కలిసి 1939 నాటి నుంచి చేసిన పని ఇది: స్ఫటికంలో పరమాణువుల అమరిక ఎలా ఉందో తెలిస్తే, ఎన్ని రకాల కంపనాలు సాధ్యమో, వాటిలో ఏవి రామన్ వర్ణపటంలో కనబడతాయో ప్రయోగం చేయకముందే లెక్కగట్టి చెప్పవచ్చు. గ్రూపు సిద్ధాంతమనే గణితాన్ని భౌతికశాస్త్రవేత్తల చేతికి పనిముట్టులా అందించిన వాళ్ళ పుస్తకం 1948లో వాల్తేరులోనే అచ్చయింది. తరవాత విదేశాల్లోనూ అచ్చువేశారు. దీనికి ఖర్చు ఎంతనుకున్నారు? కాగితం, పెన్సిలు, పక్క డిపార్టుమెంటు మనిషితో స్నేహం. మా దరఖాస్తులో గణితం లెక్చరరుగారి పేరు లేనేలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఆయన మా పక్క గదిలోనే ఉంటారు.

1942 ఏప్రిల్‌లో జపానువారి బాంబులు విశాఖపట్నం మీద పడ్డాయి. విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోయింది. పరికరాలు పెట్టెల్లోకెక్కాయి. అయినా పని ఆగలేదు. ఆ దశాబ్దం నడుమనే ఆయన, భీమసేనాచార్ అనే సహచరునితో కలిసి, చెవికి వినబడని శబ్దతరంగాలను స్ఫటికాల గుండా పంపి వాటి స్థితిస్థాపకతను కొలిచే పద్ధతి ఒకటి తయారుచేశారు. దానితో వజ్రం బిగువును కూడా కొలిచారు. ఇవాళ అదే వజ్రంలో ఒక కర్బన పరమాణువు బదులు నత్రజని, దాని పక్కన ఒక ఖాళీ ఉన్న చోట్లను అతిసున్నితమైన అయస్కాంత సెన్సర్లుగా వాడుతున్నారు. క్వాంటం మిషన్ సెన్సర్ల పాయలో అదొక ముఖ్యమైన దారి. భగవంతంగారికి ఆ సంగతి తెలిసే అవకాశం లేదు. ఒక పదార్థాన్ని శ్రద్ధగా కొలిచినవాడు రాబోయే తరాలకు ఏ తలుపు తీస్తున్నాడో వాడికే తెలియదు, అంతే.

1948లో ఆయన లండనులో మన హైకమిషను వద్ద శాస్త్ర విషయాల అధికారిగా వెళ్ళారు. మరుసటేడు మన ఉస్మానియాకు వచ్చారు. పోలీసు చర్య జరిగి అప్పటికి ఏడాది. ఉర్దూలో చదువు చెప్పిన విశ్వవిద్యాలయం ఇంగ్లీషుకు మారుతున్న సమయం. పుస్తకాలు మారాయి, అధ్యాపకులు మారారు, విద్యార్థులు ఏ భాషలో రాయాలో తెలియక తికమకపడ్డారు. ముల్కీ ఆందోళన చెలరేగిన 1952లోనే ఆయన వైస్ ఛాన్సలరయ్యారు. హైదరాబాదులో చదివినా కృష్ణాజిల్లా మనిషి. మా ప్రాంతం పెద్దలు ఆ రోజుల గూర్చి చెప్పేటప్పుడు ఈ విషయాన్ని దాచిపెట్టరు, నేనూ దాచను. ఉద్యోగాలు మావాళ్ళకు దక్కటం లేదన్న బాధ నిజమైనది. ఆ బాధ నడుమ కుర్చీలో కూర్చుని విశ్వవిద్యాలయం నడపటం తేలికైన పని కాదు. ఆయన ఐదేళ్ళు నడిపారు.

నా దృష్టిలో ఆయన జీవితంలోని రెండో ఘట్టం ఇక్కడ మొదలవుతుంది. ఇంతదాకా కొలిచిన మనిషి, ఇకమీదట అడిగే మనిషి అయ్యారు. 1953లో విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం ఏర్పడింది. ఢిల్లీకి ప్రతిపాదనలు పంపి, పరికరాలకూ భవనాలకూ డబ్బు తెచ్చుకోవటం వైస్ ఛాన్సలర్ల పనిలో భాగమైంది. ఆ దశాబ్దంలోనే మన నిజామియా వేధశాలకు 48 అంగుళాల దూరదర్శిని కావాలన్న ఆలోచన రూపు దిద్దుకుంది. దాన్ని పట్టుబట్టి నడిపినవారు వేధశాల డైరెక్టరు అక్బర్ అలీ. గ్రాంట్ల సంఘం డబ్బిచ్చింది. దూరదర్శిని జాపాల్-రంగాపూర్‌లో పనిలోకి వచ్చింది 1968లో. అప్పటికి భగవంతంగారు ఉస్మానియా వదిలి పదకొండేళ్ళు. అక్బర్ అలీ 1960లోనే పోయారు. నాటినవారొకరు, నీడన కూర్చున్నవారొకరు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినప్పుడు దేశం నలుమూలల నుంచి శాస్త్రవేత్తలు ఆ రంగాపూర్‌కే వచ్చారు. మా నాలుగు నెలల దరఖాస్తు తిరిగొచ్చిందని ఏడ్చిన నాకు, ఈ లెక్క చూశాక సిగ్గనిపించింది.

గురువూ శిష్యుల నడుమ ఒక తేడా కూడా చెప్పాలి. రామన్‌గారు 1948లో బెంగుళూరులో తన పేరిట సంస్థ పెట్టుకున్నాక, సర్కారు డబ్బుకు దూరంగానే ఉన్నారు. డబ్బు వెంట షరతులొస్తాయనీ, షరతుల వెంట నివేదికలొస్తాయనీ ఆయనకు అయిష్టం. ఆయన 1970లో పోయిన తరవాత గానీ ఆ సంస్థకు ప్రభుత్వ సహాయం మొదలుకాలేదు. భగవంతంగారు దీనికి ఎదురుదారిన నడిచారు. సర్కారు లోపలికే వెళ్ళి, ఫైళ్ళ నడుమ కూర్చుని, పని జరిపించారు. ఎవరు ఒప్పు అని మా లెక్చరర్ల గదిలో ఒకరోజంతా వాదించుకున్నాం. నా మటుకు నాకు తోచింది ఇది: నోబెల్ బహుమానం, లోకమంతా పేరు ఉన్నవారికి వద్దనే స్వేచ్ఛ ఉంటుంది. నారాయణఖేడ్ పిల్లలకు ఆ స్వేచ్ఛ లేదు. వాళ్ళకు చేరవలసింది ప్రజల డబ్బు, అంటే వాళ్ళ డబ్బే. దాన్ని సరిగ్గా అడగటం, సరిగ్గా ఖర్చుపెట్టటం, పైసాపైసాకు లెక్క చెప్పటం అవమానం కాదు, బాధ్యత.

1957లో ఆయన బెంగుళూరు సైన్సు ఇన్‌స్టిట్యూటుకు డైరెక్టరుగా వెళ్ళారు. మరుసటేడే ఆ సంస్థకు విశ్వవిద్యాలయ హోదా వచ్చింది. 1961లో రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారు అయ్యారు. దౌలత్ సింగ్ కొఠారీ తరవాత ఆ పదవిలోకి వచ్చి, 1969 దాకా రక్షణ పరిశోధనలన్నిటికీ పెద్దగా ఉన్నారు. చేరిన మరుసటేడే చైనా యుద్ధం. సైన్యానికి ఏమేమి లేవో దేశానికంతటికీ ఒక్కసారిగా తెలిసొచ్చిన కాలం. హైదరాబాదులో ఇవాళ మనం చూసే క్షిపణుల ప్రయోగశాల, లోహశాస్త్ర ప్రయోగశాల ఇక్కడ వేళ్ళూనుకున్నది ఆ 1960లలోనే.

ఇదే ఆయన మూడో ఘట్టం. అడిగిన మనిషి ఇప్పుడు ఇచ్చేవైపు కూర్చున్నారు. 1963లో దేశానికి ఎలక్ట్రానిక్స్ ఎంత కావాలో, ఎలా తయారుచేసుకోవాలో తేల్చమని ప్రభుత్వం హోమీ భాభా అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. సభ్యులు ముగ్గురే: విక్రమ్ సారాభాయ్, అయ్యగారి సాంబశివరావు, భగవంతం. నలుగురిలో ఇద్దరు తెలుగువారు. 1966లో నివేదిక బయటికొచ్చింది. 1967లో సాంబశివరావుగారి నాయకత్వాన హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్, మనమందరం ఇ.సి.ఐ.ఎల్. అని పిలిచే కర్మాగారం, మొదలైంది. ఏ పరికరం ఎన్ని కావాలి, ఏ భాగం ఇక్కడ చేయగలం, ఏది బయటినుంచి తేవాలి, ఎన్నేళ్ళు పడుతుంది అని లెక్కగట్టి పని చేయటం ఆ కమిటీ తీరు. మేము దేశం ముందుకుపోవాలి అని నాలుగు పేరాలు రాశాం చూడండి, ఆ చోట ఇలాంటి లెక్కలు ఉండవలసింది.

అంత పెద్ద పదవిలో ఉంటూ 1966లో స్ఫటికాల సౌష్ఠవం, భౌతికధర్మాల మీద మరో పుస్తకం వెలువరించారు. అది నాకు అన్నిటికంటే ఆశ్చర్యం. రక్షణశాఖ ఫైళ్ళు చూసి ఇంటికొచ్చి, రాత్రి స్ఫటికాలతో కూర్చున్న మనిషి. పదవీ విరమణ తరవాత, అభివృద్ధి చెందుతున్న దేశాల్లో శాస్త్రసాంకేతికాల కోసం ఏర్పడిన కాస్టెడ్ అనే అంతర్జాతీయ కమిటీకి అధ్యక్షత వహించారు. అంటే చివరిదాకా ఆయనను పట్టుకున్న ప్రశ్న ఒక్కటే: లేనిచోట శాస్త్రం ఎలా మొలకెత్తుతుంది?

ఆ ప్రశ్న మా ఊరిది కూడా. అందుకే మళ్ళీ కూర్చున్నాం. ఈసారి గణితం మాస్టారు కూడా మాతో ఉన్నారు. తిరిగొచ్చిన మూడు అభ్యంతరాలనూ ముందు పెట్టుకున్నాం. అవి అవమానాలుగా కాక పరీక్ష పేపర్లో ప్రశ్నల్లా కనబడ్డాయి. అనుభవం లేదన్నారు కదా అని, దరఖాస్తు పెట్టకముందే ఉన్న సామానుతో పని మొదలుపెట్టాం. ఒక మామూలు లేజరు, నాలుగు ధ్రువణ పలకలు, ఒక కాంతి మీటరు. వీటితో ఒంటి ఫోటాన్లు రావు, నిజమైన రహస్యమూ దక్కదు. కాని తాళంచెవి పంపే పద్ధతి ఏమిటో, దొంగ ఎలా దొరికిపోతాడో పిల్లలు తమ చేతులతో చేసి చూస్తారు. సైకిలు మీద వచ్చే ఆ అమ్మాయి దొంగ పాత్ర తానే తీసుకుని, నాలుగింట ఒక గుర్తు చెడిపోతోందని లెక్కగట్టి నల్లబల్ల మీద రాసింది. సిద్ధాంతం చెప్పేదీ అంతే. ఆ రోజు మా గదిలో పండుగే.

అడిగే జాబితా మూడో వంతుకు తగ్గింది. అతిశీతల యంత్రం పోయింది. పక్కన ప్రతి వస్తువుకూ అది ఏ ప్రయోగానికి, ఏ సెమిస్టరులో, ఎంతమందికి అన్నది రాశాం. కరెంటు పోతే ఏంచేస్తామో, పరికరం చెడితే ఎవరు బాగుచేస్తారో రాశాం. ఒక్కసారి పెట్టే ఖర్చు వేరు, ఏటేటా అయ్యే ఖర్చు వేరు అని విడదీశాం. డబ్బు ఖర్చయ్యాక ఇవ్వవలసిన వినియోగపత్రం నమూనా కూడా ముందే చదివిపెట్టుకున్నాం. ఒంటి ఫోటాన్ డిటెక్టర్లను రెండో విడతకు వదిలి, మొదటి విడత పని చూసి ఇవ్వండి అని రాశాం. పంపించాం. ఈ సావనీరు అచ్చుకు పోయేనాటికి జవాబు రాలేదు. రావచ్చు, మళ్ళీ తిరిగి రావచ్చు. తిరిగొస్తే మళ్ళీ చదువుకుని మళ్ళీ రాస్తాం.

మన కళాశాల విద్యార్థులకు ఒక మనవి. మీలో కొందరు రేపు పెద్ద ప్రయోగశాలలకు పోతారు, కొందరు అమరావతిలోనో బెంగుళూరులోనో క్వాంటం యంత్రాల ముందు కూర్చుంటారు. కొందరు మాత్రం నాలాగే సొంత ఊరికి వెళ్ళి తాళంవేసిన బీరువా తాళం తీస్తారు. ఎక్కడ ఉన్నా భగవంతంగారి మూడు ఘట్టాలను గుర్తుపెట్టుకోండి. ముందు కొలవండి, తరవాత అడగండి. ఇచ్చే కుర్చీలో కూర్చునే రోజు వస్తే, మీరు అడిగిన రోజును మరిచిపోకండి. ఎక్కడో ఒక మారుమూల కళాశాల నుంచి వంకరటింకరగా రాసిన దరఖాస్తు మీ బల్లమీదికి వస్తుంది. దాన్ని తిరగ్గొట్టవలసి వస్తే తిరగ్గొట్టండి. కాని కారణం మూడు ముక్కల్లోనైనా స్పష్టంగా రాయండి. మాకు రాసినవారు అలా రాశారు. ఆనాడు కోపమొచ్చినా, ఈనాడు వారికి నమస్కారం చెబుతున్నాను.